సుబ్బయ్య శెట్టి బండి: సైకిలా, మోటారా?

రెండు వేల ఏడో సంవత్సరం ఏప్రిల్‌లో నేను కర్నూలు జిల్లాలోని ఒక యూనిట్ ఆఫీసులో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేరాను. అంతకు ముందు కడప వైపు పనిచేశాను. సొంత ఊరు కమలాపురం కావడంతో అక్కడున్నన్నాళ్లూ బంధువుల లైసెన్సుల గొడవ తప్పేది కాదు, అందుకని బదిలీ ఉత్తర్వు చూసి నేను మాత్రమే సంతోషపడ్డాను. మా ఉద్యోగాన్ని జనం బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటారు. బ్రేకులు చూసేది నిజమే గానీ, లైసెన్సు పరీక్షలు పెట్టడం, బండ్లకు ఫిట్‌నెస్ ఇవ్వడం, రోడ్డు మీద ఆపి తప్పు కనిపిస్తే వి.సి.ఆర్. రాయడం కూడా మా పనే. వి.సి.ఆర్. అంటే వాహన తనిఖీ నివేదిక. ఆ పుస్తకం మా చంకలో కనిపిస్తే చాలు, లారీ డ్రైవర్లకు ఉన్నట్టుండి మర్యాదలు గుర్తొచ్చేవి.

దూరపు మండలాల వాళ్ల కోసం వారానికొక రోజు అక్కడికే వెళ్లి క్యాంపు పెట్టే పద్ధతి ఉండేది. నా గురువారం కోయిలకుంట్లకు రాసిపెట్టి ఉంది. జీపులో నేను, ఫారాలు నింపిన ఇనప పెట్టె, డ్రైవరు ఖాదర్ బాషా. ఖాదర్ బాషా నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇన్‌స్పెక్టర్లు వస్తుంటారు, పోతుంటారు, జీపు మాత్రం తనదే అన్నట్టు ఉండేవాడు. నాకు అది మొదట్లో నచ్చలేదు. తరవాత అలవాటయింది.

ఊరి బయట ఖాళీ స్థలంలో సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీయించేవాణ్ణి. ద్విచక్ర వాహనం లైసెన్సు కావాలన్న మనిషి ఆ గీత మీద, కాలు నేలకు ఆనకుండా బండి నడపాలి. కాలు ఆనితే ఫెయిలు. వారం గడిచాక మళ్లీ రావచ్చు. ఎనిమిదికి ఒక కొనలో, ఖాకీ బట్టల్లో, పుస్తకం పట్టుకుని నేను నిలబడేవాణ్ణి. ఎక్కడ నిలబడాలో నిబంధనల్లో ఎక్కడా లేదు. మా సీనియర్లు అక్కడ నిలబడేవాళ్లు కాబట్టి నేనూ నిలబడ్డాను.

అక్కడ నాకు పరిచయమైనవాడే సుబ్బయ్య శెట్టి. బజారులో స్టీలు, ఇత్తడి పాత్రల అంగడి ఆయనది. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, నుదుట బొట్టు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింట పెళ్లి జరిగినా సామాను ఈయన అంగట్లో నుంచే పోవాలి. అందుకోసం నలభై ఏళ్లుగా సైకిలు మీద ఊరూరా తిరిగి, ఇంటింటా కూర్చుని మాట్లాడి ఆర్డర్లు పట్టేవాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి, సైకిలు తొక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. అల్లుడి మోపెడ్ తీసుకుని లైసెన్సు పరీక్షకు వచ్చాడు.

ఏప్రిల్ నుంచి జూలై మొదటి వారం దాకా ఐదు సార్లు వచ్చాడు. ఐదు సార్లూ ఫెయిలయ్యాడు. ఎనిమిదిలో మొదటి సున్నా చక్కగా తిప్పేవాడు. రెండో సున్నాలో నాకు ఎదురుగా వచ్చేసరికి కుడి చెయ్యి ఎత్తి, నిండుగా నవ్వుతూ నమస్కారం పెట్టేవాడు. వెంటనే మోపెడ్ కొట్టుకుని ఆగిపోయేది, కాలు కింద పడేది. నన్ను కాకా పట్టి పాసవ్వాలని చూస్తున్నాడని నాకు ఒళ్లు మండేది. ఐదో సారి ఫారం మీద ‘కాలు ఆనినది’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ రెండో గీత అవసరం లేదు, కోపంతో గీసింది.

ఆ తరవాతి గురువారం నేను టీ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటుతున్నాను. వెనక నుంచి చప్పుడేమీ లేదు. ఉన్నట్టుండి చెవి పక్కన గంట మోగింది. నేను ఎగిరి పడ్డాను, టీ మొత్తం చొక్కా మీద పడింది. తిరిగి చూస్తే సుబ్బయ్య శెట్టి. సైకిలు లాంటి దాని మీద, కాళ్లు కదపకుండా, దేవుడి ఊరేగింపులా తేలిపోతున్నాడు. నన్ను చూసి కుడి చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

అది బెంగళూరు నుంచి తెప్పించిన ఎలక్ట్రిక్ సైకిలు. సీటు కింద బ్యాటరీ, వెనక చక్రంలో చిన్న మోటారు. తొక్కడానికి పెడల్స్ ఉన్నాయి. తొక్కకపోయినా కుడి పిడి తిప్పితే పోతుంది. ఇలాంటి వాటికి నిబంధన స్పష్టంగా ఉండేది: మోటారు శక్తి పావు కిలోవాట్ లోపల, వేగం గంటకు ఇరవై ఐదు కిలోమీటర్ల లోపల ఉంటే అది మోటారు వాహనం కాదు. లైసెన్సు వద్దు, నంబరు వద్దు, నాకు చూపించాల్సిన కాగితం ఒక్కటీ వద్దు. నేను ఐదు సార్లు ఫెయిలు చేసిన మనిషి నా ముందే, నా అనుమతి అక్కర్లేని బండి మీద తిరుగుతున్నాడన్న మాట. ఇది నాకు కష్టంగానే ఉండింది, ఇప్పుడు దాచడమెందుకు.

వారం తిరిగేసరికి ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది అదే బజారులో మోపెడ్ల షోరూము నడిపే ఓబుల్ రెడ్డి. సన్నగా, తడి బట్టలతో తూచినా యాభై కిలోలు దాటని మనిషి. గొంతు మాత్రం క్వింటాలుంటుంది. ఆయన అంగడికి వచ్చిన రైతులు మోపెడ్ బేరం సగంలో ఆపి, శెట్టి బండి లాంటిది ఉందా అని అడుగుతున్నారట. ఫిర్యాదులో అది రాయలేదు, ప్రజల భద్రత గురించి రెండు పేజీలు రాశాడు. నా ముందు నిలబడి నోటితో చెప్పింది ఇదీ:

“సైకిలుకు యాడైనా వైర్లు ఉంటాయా సార్? బ్యాటరీ ఉండాది, మోటారు ఉండాది, లైటు ఉండాది. నంబరు ఒక్కటే లేదు. రేపు ఎవురినన్నా గుద్దితే యాడని వెతుకుతారు?”

శెట్టిని పిలిపించి కాగితాలు అడిగాను. బండితో పాటు వచ్చిన ధ్రువపత్రం తెచ్చాడు. వ్యాపారస్తుల ఇళ్లలో కొత్త బండి వస్తే పూజ మామూలే. శెట్టి బండికే కాక దాని కాగితాలకు కూడా పూజ చేయించాడు. నాలుగు మూలలా పసుపు, మధ్యలో అక్కడక్కడా తడి కుంకుమ బొట్లు. మోటారు శక్తి కనిపిస్తోంది. గరిష్ఠ వేగం అన్న చోట ‘రెండు’ కనిపిస్తోంది. దాని పక్క అంకె మీద అర్ధ రూపాయంత బొట్టు. గోటితో గీకి చూశాను, బొట్టుతో పాటు అంకె కూడా వచ్చేసింది. అది ఇరవై నాలుగా, ఇరవై తొమ్మిదా, ఇక దేవుడికే తెలియాలి. ఆ దేవుడి బొట్టుతోనే చెరిగింది గనక ఆయన్ను అడిగే వీలు కూడా లేదు.

కొత్త ప్రతి బెంగళూరు నుంచి రావాలంటే నెల పడుతుందన్నాడు శెట్టి. తేలే దాకా బండి నడపవద్దని చెప్పి, వేగం పరీక్ష పెడతానన్నాను. నడిపితే వి.సి.ఆర్. రాయాల్సి వస్తుందని కూడా అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. అప్పుడు ఆషాఢం. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలవుతాయి, వాటి ఆర్డర్లన్నీ ఆషాఢంలోనే పట్టాలి. ఈ నెల పోతే ఆయన ఏడాది పోయినట్టే. అల్లుడి మోపెడ్ వెనక కూర్చుని తిరగవచ్చు కదా అన్నాను. నిజానికి అది ఓదార్పుగానే అన్నాను.

“మా అల్లుడు మంచోడే సార్” అన్నాడు శెట్టి. “కానీ వాని వెనక కూచొని పోతే నేను పోయినట్లు గాదు. నన్ను యాడికో తీసకపోతాండట్లు ఉంటాది.”

 వచ్చే గురువారం ఉదయం పరీక్ష అని తారీఖు రాసిచ్చాను.

ఆ రోజుల్లో మా దగ్గర వేగం కొలిచే యంత్రాలు లేవు. ఉన్నది ఒక స్టాప్ వాచీ, దానికో తాడు. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ల మధ్య రెండు వందల మీటర్లకొక చిన్న రాయి ఉంటుంది. లెక్క తేలికే: ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఇరవై తొమ్మిది సెకన్ల లోపల వస్తే మోటారు వాహనం, ఇరవై తొమ్మిదో పైనో పడితే సైకిలు. బండికి ముందే వేగం పట్టాలి కాబట్టి మొదటి రాయికి యాభై మీటర్ల వెనక నుంచి బయల్దేరాలి. మొదటి రాయి దగ్గర ఖాదర్ బాషా ఎర్ర గుడ్డ దించుతాడు, నేను వాచీ నొక్కుతాను, రెండో రాయి దగ్గర ఆపుతాను. ఊరి బయట రోడ్డు ఎంచుకున్నాం. అటూ ఇటూ జొన్న చేలు, పడమటి గాలి విసురుగా కొడుతోంది. ఓబుల్ రెడ్డి గొడుగుతో వచ్చాడు, గాలికి అది తిరగబడింది. పని లేని వాళ్లు ఓ పాతిక మంది చేరారు. పని ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువ మంది చేరారు.

మొదటి పరుగు. గుడ్డ దిగింది, వాచీ నొక్కాను. శెట్టి బాగానే వస్తున్నాడు. రెండో రాయికి ఇంకా యాభై మీటర్లుందనగా నన్ను చూశాడు. నవ్వాడు. కుడి చెయ్యి ఎత్తాడు. బండి నెమ్మదించి, నడక వేగంతో రాయి దాటింది. ముప్పై ఎనిమిది సెకన్లు.

ఓబుల్ రెడ్డి గగ్గోలు పెట్టాడు. ఇది మోసమని, శెట్టి కావాలనే పిడి వదిలాడని అన్నాడు. కావాలని కాదు, సార్ కనిపిస్తే నమస్కారం పెట్టకుండా ఎట్లా పోవాలని శెట్టి నిజంగానే అడిగాడు. నలభై ఏళ్లు వ్యాపారం చేసిన చెయ్యి, ఎదురుగా మనిషి కనిపిస్తే దానంతట అదే లేస్తుందట. నమస్కారం వద్దని నేను ఆజ్ఞాపించాను. సరే సార్ అన్నాడు, అని నమస్కారం పెట్టాడు.

ఖాదర్ బాషా నన్ను కొంచెం పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

“సార్, ఏమనుకోవద్దు. ఆయప్ప ఎనిమిది వేసినప్పుడు కూడా ఇట్లే చేస్తాండె. మిమ్మల్ని చూస్తాడు, చెయ్యి ఎత్తుతాడు. యాక్సిలేటర్ ఉండేది ఆ చేతి కిందనే గదా.”

 ఐదు సార్లు. ఇది ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరు అడగలేదు గదా సార్ అన్నాడు.

రెండో పరుగుకు నేను జీపు వెనక దాక్కున్నాను. గెజిటెడ్ హోదాకు దగ్గర్లో ఉన్న అధికారి, ఖాకీలో, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, బానెట్ కింద నుంచి రాయిని చూస్తున్నాడు. చూసే జనానికి అంతకంటే ఏం కావాలి. ఈసారి శెట్టి నమస్కారం పెట్టలేదు. ఇరవై ఐదు సెకన్లలో రాయి దాటాడు. ఓబుల్ రెడ్డి చప్పట్లు కొట్టాడు. మోటారే, ఖాయం. కానీ వచ్చేటప్పుడు శెట్టి కాళ్లు గిర్రున తిరగడం అక్కడున్న వాళ్లందరూ చూశారు. నిబంధన మోటారు వేగం గురించి, మనిషి తొక్కుడు గురించి కాదు. అడిగితే శెట్టి తలవంచుకున్నాడు. పెడల్ మీద కాలు పెడితే అది ఆగదట, తానేమీ చెయ్యలేదట. కాళ్లు తాడుతో కట్టేద్దామని ఓబుల్ రెడ్డి సలహా. దరఖాస్తుదారుడి కాళ్లు కట్టే పద్ధతి మా మాన్యువల్‌లో లేదని చెప్పాను.

మూడో పరుగు నేనే చేస్తానన్నాను. వాచీ ఖాదర్ బాషాకు ఇచ్చాను. నేను సైకిలెక్కి ఇరవై ఏళ్లయింది, అప్పట్లో తొంభై రెండు కిలోలుండేవాణ్ణి. ఎక్కగానే బండి మూలిగింది. పిడి తిప్పాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చిన్నప్పుడు కమలాపురంలో నేను సైకిలు నేర్చుకునేటప్పుడు మా నాయన వెనక సీటు పట్టుకుని తోసేవాడు. సరిగ్గా అట్లా ఉండింది. మోటారు సైకిలు మనల్ని లాక్కుని పోతుంది, దాని మాట మనం వినాలి. ఇది మన వెనకే, మనం పోవాలనుకున్న చోటికి నెమ్మదిగా తోస్తుంది. చప్పుడు లేదు, పొగ లేదు. గాలికి జొన్న ఆకులు గరగరలాడటం వినిపిస్తోంది. కల్వర్టు మీది ఎత్తు వచ్చింది. ఆయాసపడటానికి అలవాటుగా సిద్ధమయ్యాను, ఆ అవసరం రాలేదు. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూసి నవ్వారు. నేను గంట కొట్టాను. ఎందుకు కొట్టానో తెలియదు. రెండోసారి కూడా కొట్టాను. అంతటి హాయి ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు తెలియదు.

వెనక నుంచి జీపు హారన్ మోగుతూ వచ్చింది. ఖాదర్ బాషా తల బయట పెట్టి, “సార్, మన రాయి పోయి శానా సేపయింది” అన్నాడు.

చూస్తే నాలుగు రాళ్లు దాటాను. నేను రాయి దాటిన క్షణంలో వాచీ ఆపాల్సిన ఖాదర్ బాషా, నేను ఆగకపోవడం చూసి కంగారులో అది మరిచిపోయి జీపెక్కాడు. పరుగు చెల్లదు. తిరిగి వచ్చాక ఓబుల్ రెడ్డి నన్ను నిలదీశాడు. చెల్లినా తాను ఒప్పుకునేవాడు కాడట, ఇంత బరువుకు ఏ బండైనా నెమ్మదిస్తుందట. మాట మర్యాదగా లేదు గానీ వాదన సరైనదే. అయితే మీరే నడపండి అన్నాను. అక్కడున్న వాళ్లందరిలో తేలికైన మనిషి ఆయనే. పైగా బండి వేగంగా పోతే లాభం ఆయనకే. ఇంతకంటే కఠినమైన పరీక్ష ఎవరు పెట్టగలరు?

శెట్టి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తన శ్రావణమంతా పోయి ఓబుల్ రెడ్డి చేతిలో పడింది. పిడి సున్నితంగా తిప్పాలని, గట్టిగా తిప్పితే వైరు తెగుతుందని చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాడు.

ఓబుల్ రెడ్డి గొడుగు పారేసి బండెక్కాడు. గడ్డం హ్యాండిలుకు ఆనించి, మోచేతులు లోపలికి ముడుచుకుని, గాలి వాటున దూసుకొచ్చాడు. కాళ్లు కదల్లేదు, చెయ్యి లేవలేదు. రాయి దాటాడు. ముప్పై సెకన్లు. ఇరవై నాలుగు కిలోమీటర్ల వేగం. పద్ధతి ప్రకారం రెండు దిక్కులా కొలవాలి కాబట్టి తిరిగి రమ్మన్నాను. గాలికి ఎదురుగా ముప్పై మూడు సెకన్లు.  శెట్టి పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు.

నాకు అనుమానంగా ఉండాది, ఇంకోసారి చూస్తా అన్నాడు ఓబుల్ రెడ్డి. సరే అన్నాను. మళ్లీ ముప్పై. మళ్లీ అనుమానం. నాలుగో అనుమానానికి ఆయన గడ్డం హ్యాండిలు మీద లేదు. నిటారుగా కూర్చుని, ఒక చెయ్యి తొడ మీద పెట్టుకుని, చేలు చూసుకుంటూ వస్తున్నాడు. కల్వర్టు ఎత్తు ఎక్కేటప్పుడు గంట కొట్టాడు. నేనూ ఖాదర్ బాషా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగేది కాదు. చివరికి శెట్టే వెళ్లి, బ్యాటరీ అయిపోతాదప్పా, నేను ఇంటికి పోవాల అని బతిమాలి దింపుకున్నాడు.

పంచనామా జీపు బానెట్ మీదే రాశాను. ‘సదరు వాహనం మోటారు వాహనము కాదు, సైకిలు.’ యజమాని, ఫిర్యాదుదారు ఇద్దరూ సంతకాలు చేశారు. సంతకం చేస్తూ ఓబుల్ రెడ్డి, ఈ బండ్లు బెంగళూరులో ఎవరి దగ్గర దొరుకుతాయని శెట్టిని అడిగాడు. దసరాకు ఆయన షోరూములో మోపెడ్ల పక్కన రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు పూలదండలతో నిలబడ్డాయి.

శెట్టి మరునాడే పల్లెల మీద పడ్డాడు. పెళ్లివారింటికి పోగానే మొదట ప్లగ్గు ఎక్కడుందో అడిగేవాడట. బండి చార్జింగుకు పెట్టి, అది నిండే దాకా బిందెల గురించి, గంగాళాల గురించి మాట్లాడేవాడట. కరెంటు పోతే ఇంకా సేపు మాట్లాడేవాడు. ఆ శ్రావణంలో ఆర్డర్లు ఎప్పటికంటే ఎక్కువ వచ్చాయంటే అందులో కరెంటు కోతల పాత్ర కూడా ఉంది. నెల తరవాత కొత్త ధ్రువపత్రం వచ్చిందని తెచ్చి చూపించాడు. గరిష్ఠ వేగం ఇరవై నాలుగు. ఈసారి బొట్టు కాగితం వెనక పక్క పెట్టాడు.

నేను నా పాత ఫారాలు తీసి చూసుకున్నాను. ఐదింటి మీదా ‘కాలు ఆనినది’ అని ఉంది. ఎందుకు ఆనిందో ఒక్క దాని మీదా లేదు. చిన్నతనంగా అనిపించింది. శెట్టికి కబురు పంపి ఆరోసారి పరీక్షకు రమ్మన్నాను. నాకిప్పుడు దానితో పనేముంది సార్ అన్నాడు. నాకు ఉందని చెప్పాను. ఆయన అల్లుడి మోపెడ్ మీద వచ్చాడు, నేను జీపు వెనక నిలబడ్డాను. ఎనిమిది ఎక్కడా చెదరకుండా వేశాడు. మొత్తం అయ్యాక నేను బయటికి వచ్చాను. ఆయన చెయ్యి ఎత్తాడు, మోపెడ్ ఆగిపోయింది. అప్పటికి పాసయ్యాడు గనక నాకు అభ్యంతరం లేకపోయింది. ఆ లైసెన్సుతో ఆయన ఏ బండీ నడపలేదు. అంగట్లో దేవుడి పటాల పక్కన పెట్టుకుని, ఫోటోలో తన నుదుటి మీద బొట్టు పెట్టుకున్నాడు.

ఆ తరవాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ లైసెన్సు పరీక్షల్లో నేను అభ్యర్థికి కనిపించేలా నిలబడలేదు. ఫెయిలైన ఫారం మీద కాలు ఆనిందని మాత్రమే కాక, ఎందుకు ఆనిందో కూడా రాశాను. ఈ వ్యవహారం నాకు నేర్పింది ఆ రెండే. పరీక్షించేవాడు కూడా పరీక్షలో ఒక భాగం, వాణ్ణి కూడా లెక్కలో రాసుకోవాలి.

రిటైరయ్యాక కడపలో ఉంటున్నాను. నాకూ మోకాళ్లు అరిగాయి, నేనూ ఎలక్ట్రిక్ సైకిలు కొన్నాను. కూరగాయలకు పోయే దారిలో లైసెన్సు పరీక్షలు పెట్టే మైదానం ఉంది. ఎనిమిది గీతకు ఒక కొనలో, మేం నిలబడిన చోటే, కుర్ర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉంటాడు. ఆయనను చూడగానే నా కుడి చెయ్యి లేస్తుంది, బండి ఆగిపోతుంది, కాలు నేలకు ఆనుతుంది.